గోడ మీది వరస

మా బావమరిది మొన్న శ్రావణంలో పోయాడు. శవాన్ని వీధి అరుగు మీద పడుకోబెట్టిన ఆ కాసేపట్లో వచ్చినవాళ్ళంతా చేసిన పని ఒకటే. ముందు శవాన్ని చూసేవారు, తరవాత తలెత్తి ఇంటి కప్పుని చూసేవారు. "ఎంత సక్కగా ఉంచుకున్నాడు ఇల్లు! వినాయకసవితి ఇంకా రానేదు, అప్పుడే పెంకు సర్దించేసినాడు. మడిసంటే ఆడు" అని పూండి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. నేను ఆ చెయ్యి తీసేశాను. చావింట్లో నోరు మూసుకోవాలి కాబట్టి మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోవలసిన పని లేదు.

ఆ పెద్దమనిషి నాలుగడుగులు వేసి ఇంటి వెనక్కి వెళ్ళి చూసివుంటే ఆ మాట అనేవాడు కాదు. వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళరు. మా బావమరిది బతుకంతా ఆ ధైర్యం మీదే గడిచిపోయింది.

మా ఉద్దానం పల్లెల్లో ఇళ్ళు విడివిడిగా ఉండవు. వీధికి ఇటూ అటూ రైలుపెట్టెల్లా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. కప్పు సగం వీధిలోకి వాలుతుంది, సగం పెరట్లోకి వాలుతుంది. ఇప్పుడు చాలామంది స్లాబులు వేసుకున్నారు గానీ, మా వరసలో మా రెండిళ్ళూ ఇంకా గూనపెంకులవే. గూనపెంకు చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. దోసిలి పట్టిన అరచెయ్యిలా ఉంటుంది. ఒక వరస వెల్లకిలా పరుస్తారు. రెండు వెల్లకిల వరసలు కలిసే సందు మీద ఇంకో వరస బోర్లా వేస్తారు. ఉమ్మడి గోడ దగ్గర మా చివరి వెల్లకిల వరసా, పక్కింటివాళ్ళ మొదటి వెల్లకిల వరసా కలుస్తాయి. ఆ సందు మీద, అంటే సరిగ్గా గోడ నెత్తి మీద, ఒక బోర్లా వరస పడాలి. అది పడకపోతే వాన తిన్నగా మట్టిగోడ లోపలికి దిగుతుంది. దాన్ని మేము గోడ మీది వరస అంటాం.

ఆ వరస ఎవరి పెంకుతో వెయ్యాలి? తాతలు ఎప్పుడో తేల్చిపెట్టారు. ఒక ఏడు వాళ్ళ పెంకు, ఒక ఏడు మా పెంకు. వినాయకచవితి వెళ్ళాక, దసరా రాకముందే, రెండిళ్ళవాళ్ళూ ఒకే రోజు కప్పెక్కేవారు. పాచి గీకి, కొబ్బరికాయ పడి పగిలినవి తీసి కొత్తవి పెట్టి, ఆఖరున ఆ వరస కలిసి వేసి దిగేవారు. సముద్రం మీంచి గాలీవానా వచ్చేది ఆ తరవాతే. కార్తీకం వెళ్ళాక మంచు పట్టేది. ఆ ఒక్క వరస సరిగ్గా ఉంటే రెండిళ్ళూ చలికాలమంతా పొడిగా ఉండేవి. చదువూ సంధ్యా లేనివాళ్ళు పెట్టిన ఏర్పాటు. ఎవరికీ కష్టం లేదు.

నా పెళ్ళితో అది చెడింది. నా భార్య ఆ పక్కింటి పిల్లే. పెళ్ళి ఊరేగింపు ఊరంతా చుట్టి వచ్చి పక్క గుమ్మం ముందు ఆగింది. ఆ ఏడు పెంకు సర్దే రోజున ఆవిడ తమ్ముడు, అంటే ఈ మనిషే, కప్పు మీద గొంతుక్కూర్చుని నాతో అన్నాడు:

"బావా, పిల్లనిచ్చినోలం. నీ కాళ్ళు కడిగినాం. పందిట్లో మీరు తిన్నాక తిన్నాం. సాలు. ఇకమీదట పెంకు మాత్తరం మాదే పైనుండాల."

"ఇది వాన కోసం వేసే వరసరా. చుట్టరికం వరస కాదు" అన్నాను.

"ఏ వరసైనా వరసే బావా" అన్నాడు.

అంతే. ఆ మాట మీద ఒక మనిషి ముసలివాడయ్యాడు.

మర్నాటికి తన పెంకులకి ఎర్రరంగు పూసుకొచ్చి, వీధివైపు కప్పు మీద గోడ వరసంతా పరిచాడు. నల్లబడిన మా పెంకులకీ, వాళ్ళ పెంకులకీ మధ్య ఎర్రగా ఒక గీత. మా ఇంటి అంచు మీద కాలు వేసుకుని కూర్చున్నట్టుండేది. ప్రతి ఏడూ ఆ గీతకి కొత్త రంగు పడేది. నా వంతు ఏడు వచ్చినా అంతే.

ఆ మనిషికి వెనక్కి నడిచే అలవాటు ఉండేది. కప్పు సర్దడం అయిపోగానే వీధిలోకి దిగేవాడు. అరుగు వైపు మొహం పెట్టి, నుదుటి మీద చెయ్యి అడ్డుపెట్టుకుని, కప్పునే చూస్తూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ వీధి దాటేవాడు. అడుగడుక్కీ "ఊఁ" అనుకునేవాడు. ఎదురింటి అరుగు పిక్కలకి తగిలేదాకా ఆగేవాడు కాదు. ఎదురింటి ముసలమ్మ ఒకసారి అరుగు కింద చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. ఈయన వెనక్కి వచ్చి వచ్చి ఆ చేటలో కాలు పెట్టాడు.

"ఓలమ్మో! ఎనక సూసుకోవేటి నాయినా?" అని ఆవిడ గోల పెట్టింది.

"ఎనకేటుంటది సూడ్డానికి?" అన్నాడు, కాలికంటిన బియ్యం దులుపుకుంటూ.

ఆ మనిషి గురించి చెప్పవలసిందంతా ఆయనే చెప్పేశాడు. ఎనకేటుంటది సూడ్డానికి? చొక్కా ముందుభాగం ఇస్త్రీ, వీపు మీద చిరుగుని కండువా కప్పేది. వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళకి స్టీలు గ్లాసులో కాఫీ, లోపల పెళ్ళాంబిడ్డలకి గంజి. ఇంటి ముందువైపు పెంకులన్నీ ఏరి ఏరి పెట్టినవి. ఈ పెంకులు చేసే కుమ్మరులు ఇప్పుడు లేరు. ఎవరైనా పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసుకుంటుంటే వెళ్ళి తెచ్చుకోవాలి. నందిగాం దాకా వెళ్ళి తెచ్చేవాడు. తెచ్చిన మంచివన్నీ ముందుకే. వెనక కప్పుకి మిగిలేవి అంచులు విరిగినవీ, నెర్రెలిచ్చినవీ. గోడ మీది వరసకి వెనకవైపు వచ్చేసరికి అవి కూడా ఉండేవి కావు. సందు అలాగే నోరు తెరుచుకుని ఉండేది.

"వెనక నా పెంకు వేసుకుంటానురా. నీకు పెంకు లేదు కదా" అనేవాణ్ణి.

"నేకపోడమేటి? తెత్తన్నాను గదా. ముందు మాది, ఎనక మీది అంటే ఊళ్ళో ఏటంతారు బావా?"

"వెనక ఊరు లేదురా, పెరడు ఉంది."

"ఉండనీ. మాటంటే మాటే."

మాకు వెనక గదే ఆధారం. మా ఇళ్ళు పొడవుగా, ఇరుగ్గా ఉంటాయి. ఇంకో చోటు లేదు. నా భార్యకి కిడ్నీలు పాడయ్యాక, పెరటి తలుపుకి దగ్గరని ఆ గదిలోనే ఆవిడ మంచం వేశాం. మంచం పక్కన ఆ ఉమ్మడి గోడే. వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి డయాలసిస్ చేయించి తీసుకొస్తే, వచ్చిన పూటంతా ఆవిడకి ఒంట్లో వణుకు. ఎండలో కూర్చోబెట్టినా చలే. అలాంటి మనిషి పక్కన, దసరా నుంచి మాఘం దాకా, చెమ్మ ఊరే గోడ. పొద్దున్న లేవగానే ఆవిడ చేసే మొదటి పని ఆ గోడ మీద అరచెయ్యి పెట్టి చూడడం. "ఇయ్యాల మోసేతి దాకా దిగింది సెమ్మ" అనేది. "ఇయ్యాల నా తలగడ దాకా వొచ్చింది." ఎవరి మీదా ఫిర్యాదులా కాదు, పొయ్యి మీద పాలు ఎంతదాకా వచ్చాయో చెప్పినట్టు.

తమ్ముడు అక్కని చూడ్డానికి రాకపోలేదు. వచ్చేవాడు. వీధి ఆ చివర నుంచే అరుచుకుంటూ వచ్చేవాడు: "అక్కకి బొండం తెచ్చినాను! లేత బొండం!" కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు కొబ్బరినీళ్ళు తాగకూడదని మా ఉద్దానంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఇంటికొకరు ఆ జబ్బుతో ఉన్న చోట తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ మనిషికీ తెలుసు. కానీ మాత్రలో, మెత్తటి దుప్పటో పట్టుకొస్తే వీధిలో ఎవరికి కనబడుతుంది? బొండమైతే చేతిలో వేలాడుతూ కనబడుతుంది. నేను దాన్ని కొట్టి దూడకి పోసేవాణ్ణి. ఆవిడ నవ్వేది. "పోనీలే, దూడకి మేనమామున్నాడు" అనేది.

ఒక ఏడు నాకు ఓపిక పోయింది. ఆయన టెక్కలి వెళ్ళిన రోజు చూసి, పనివాణ్ణి పిలిచి, వెనకవైపు గోడ వరసంతా మా పెంకులతో వేయించాను. సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. ఈయన టెక్కలి నుంచి వచ్చాడు, కాళ్ళైనా కడుక్కోలేదు, తిన్నగా నిచ్చెన వేసుకుని కప్పెక్కాడు. పాచి మీద జారుతూ, ఆ జల్లులో, పైనుంచి కిందికి ఒక్కొక్క పెంకే ఊడదీశాడు. నేను పెరట్లో నిలబడి అరుస్తున్నాను. లోపల మంచం మీద నుంచి ఆవిడ అరుస్తోంది: "ఒరే తమ్ముడా, ఒగ్గేయ్‌రా, నీల్లు నా మీద పడతన్నాయ్‌రా!"

"అయిపోనాదక్కా, ఇంకో నాలుగున్నాయంతే!" అని పైనుంచి జవాబు.

తీసిన పెంకులన్నీ పగలకుండా దించి, తుడిచి, మా గుమ్మం ముందు కుప్పగా పేర్చి వెళ్ళాడు. "నీ సొమ్ము నాకొద్దు బావా" అన్నాడు. దొంగతనం చెయ్యనందుకు మెచ్చుకోవాలన్నట్టు.

ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళాను. నలుగురు వచ్చారు. వీధిలో నిలబడి తలెత్తి చూశారు. ఎర్ర గీత చక్కగా మెరుస్తోంది. "వరస పడే ఉంది గదయ్యా. బావాబావమరుదులు, ఇంట్లో మాట ఇంట్లో సూసుకోండి" అని వెళ్ళిపోయారు. వెనక్కి రండి అంటే వెనక బురదగా ఉందన్నారు. బురద ఎందుకుందో అడిగినవాడు లేడు. ఆ మనిషిని ఒక్కణ్ణే తిట్టి ఏం లాభం? ఇలాంటి కళ్ళు ఉన్న ఊళ్ళో అలాంటి కప్పులే ఉంటాయి.

కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా లేచిపోయిన ఆ తుఫాను రావడానికి ముందటేడు దసరాకి ఊళ్ళో ఏదో కమిటీకి ఈయన్ని పెద్దని చేశారు. టెక్కలిలో ఒక ఫ్లెక్సీ కొట్టించుకున్నాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, ప్రజలందరికీ పండగ శుభాకాంక్షలు చెబుతున్నాడు. పండగ అయ్యాక దాన్ని పారెయ్యడానికి మనసు రాక, తెచ్చి వెనక కప్పు మీద ఆ సందుకి అడ్డంగా పరిచి ఇటుకలు పెట్టాడు. బొమ్మ పైకే. కాకులకీ కోతులకీ నమస్కారం పెడుతూ ఆకాశం వైపు చూస్తూ పడుకునేవాడు. కిందనుంచి నీళ్ళు మామూలుగానే దిగేవి.

తుఫాను వచ్చింది. తెల్లవారాక గాలి తూర్పు నుంచి తిరిగి పెరటివైపు కొట్టింది. నేను ఆవిణ్ణి ఎత్తుకుని ముందు గదిలోకి తెచ్చి కూర్చోబెట్టిన కాసేపటికే, నానిపోయి ఉన్న ఆ గోడ మెత్తగా, పెద్ద చప్పుడైనా లేకుండా, ఆవిడ మంచం మీదికి ఒరిగిపోయింది. మనిషి నిలువెత్తు కన్నం. అవతల ఆ మనిషి, నెత్తి మీద తువ్వాలుతో, మోకాళ్ళ లోతు మట్టిలో నిలబడి ఉన్నాడు. ఆయన ఇంటి వెనక కప్పు సగం లేచిపోయింది.

నా భార్య గోడలు పట్టుకుంటూ ఆ గది గుమ్మం దాకా వచ్చింది. మట్టి కింద తన మంచాన్ని చూసింది. కన్నంలోంచి తమ్ముణ్ణి చూసింది.

"ఒరే తమ్ముడా, ఇప్పుడెవుల పెంకు పైనుందిరా?" అంది.

ఆ మనిషి ఒక్క క్షణం ఆలోచించాడు. "ముందుకాడ మాదే ఉందక్కా. కదల్నేదు. కావాలంటే ఈదిలోకెల్లి సూడు" అన్నాడు.

వెటకారం కాదు. ఒట్టు. నిజంగానే చెప్పాడు. అక్కకి అది వింటే ధైర్యంగా ఉంటుందనుకున్నట్టున్నాడు.

తరవాత గోడ కట్టాలి. కలిసి కడదాం రా అంటే, "కడదాం బావా. ముందు పైవరస సంగతి తేల్చుకుందాం" అన్నాడు. ఇంకా గోడే లేదు, పైవరస! ఈలోగా కన్నానికి అడ్డంగా ఏదో ఒకటి కట్టాలి కదా అని, ఎక్కడో జీడితోటలో చిక్కుకున్న తన ఫ్లెక్సీని వెతికి తెచ్చి, కడిగి, ఆ కన్నానికి వేలాడదీశాడు. బొమ్మ మా వైపు.

"మొహం ఇటెందుకురా?" అన్నాను.

"మావోపు ఎవులొత్తారు బావా? అక్కని సూడ్డానికి పదిమంది వత్తారు గదా" అన్నాడు.

కార్తీకం చలిలో ఆ ఫ్లెక్సీ గాలికి ఉబ్బేది, తగ్గేది. నల్లకళ్ళద్దాల మొహం ఊపిరి పీలుస్తున్నట్టుండేది. డయాలసిస్ అయి వచ్చి, రెండు దుప్పట్ల కింద పళ్ళు టకటకమంటూ పడుకున్న నా భార్య దాన్ని చూస్తూ, "పుట్టి బుద్దెరిగాక నాకెప్పుడైనా దణ్ణం పెట్టినాడేటి? రోజంతా పెడతన్నాడు సూడు ఇప్పుడు" అనేది. నవ్వితే ఆవిడకి ఆయాసం వచ్చేది. నేను మార్గశిరం దాకా చూసి, చూసి, సిమెంటు ఇటుకలతో నేనే గోడ కట్టించాను. గోడ గట్టిదయింది గానీ దాని నెత్తి మీద వరస మళ్ళీ అదే కథ. ముందు ఎర్ర గీత, వెనక నోరు తెరిచిన సందు. ఇటుక గోడ కూలదు, అంతే తేడా. చెమ్మ దానికి కూడా పట్టింది.

ఆ తరవాత కూడా ప్రతి ఏడూ ఆయన వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. మొన్న ఆషాఢం చివర పెంకు సర్దించాడు, రంగు పూయించాడు, వీధి దాటి నడిచాడు. శ్రావణంలో ఒక పొద్దున్న గుండె ఆగింది. జనం వచ్చి కప్పు చూసి మెచ్చుకుని వెళ్ళారు. నా భార్యని కుర్చీలో తీసుకెళ్ళి శవం దగ్గర కూర్చోబెట్టాం. ఆవిడ ఏడవలేదు. తమ్ముడి కాలి బొటనవేళ్ళు కట్టిన తాడు వదులుగా ఉంటే వంగి సర్దింది. అంతే.

దినాలు అయ్యాక ఆయన కొడుకుని పిలిచాను. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తండ్రిలా కాదు, నెమ్మదైన మనిషి. వెనకవైపు గోడ వరస సంగతి ఎత్తాను, ఏం గొడవ చేస్తాడో అనుకుంటూనే.

"ఏసేయ్ మావా" అన్నాడు.

"నా పెంకు వేస్తాను. నాది పైనుంటుంది" అన్నాను, గట్టిగానే.

"ఏది పైనుంటే ఏటి మావా? నీల్లు దిగకుంటే సాలదేటి?" అని ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

పనివాడు ఒక్క పూటలో వెనక వరసంతా వేసేశాడు. నిచ్చెన ఎలాగూ ఉంది కదా, ముందు వైపు ఆ ఎర్ర గీత కూడా ఊడదీయించి మా పెంకు వేయిద్దామని నిచ్చెన వీధిలోకి పట్టించాను. నా భార్య లోపలి నుంచి పిలిచింది.

"ఏటయ్యా, సచ్చినోడితో పోటీయేటి నీకు? అక్కడ నీల్లు దిగతన్నాయా?"

"దిగడం లేదు."

"మరొగ్గేయ్."

ఒగ్గేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది ఆ గీత. వీధిలో వెళ్ళేవాళ్ళు చూసి మెచ్చుకుంటూనే ఉన్నారు.

దసరా ముందు తూర్పువాన పట్టింది. సాయంత్రం మొదలై తెల్లవార్లూ కురిసింది. పొద్దున్న నేను కాఫీ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ లేచి కూర్చుని ఉంది. అరచెయ్యి గోడ మీద పెట్టింది. కింద చూసింది. తలగడ దగ్గర చూసింది. చెయ్యి చాచగలిగినంత పైకి చాచి చూసింది.

"పొడిగుంది" అంది.

ఇన్నేళ్ళకి ఆ మాట విన్నాను. ఛాతీ పొంగింది. "చూశావా? ఒక్క పూట పని. మీ తమ్ముడు బతికుంటే ఇది జరిగేదా?" అన్నాను.

ఆవిడ చెయ్యి తియ్యలేదు. మెల్లగా పక్కకి ఒరిగి, ఆ గోడకి, అవతల ఆ మనిషి పుట్టి పెరిగి చచ్చిన ఇంటి వైపు, నుదురు ఆనించింది. శవం దగ్గర రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చప్పుడు లేదు. భుజాలు కదులుతున్నాయి. కాఫీ గ్లాసు పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను. ఎంతసేపటికీ ఆపలేదు. తల ఎత్తేసరికి, ఆవిడ మొహం ఆనిన చోట ఇటుక మీద అరచెయ్యంత మేర నల్లగా తడిసిపోయి ఉంది.

చచ్చి కూడా ఆ మనిషి మా గోడని ఒక్క పూట పొడిగా ఉండనివ్వలేదు.